లోయలోంచి మాట పైకి రావాలంటే

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది అచ్చంపేట. ప్రతి ఏడాది చైత్ర పౌర్ణమికి నల్లమల అడవిలోని సలేశ్వరం లింగమయ్య జాతరలో మంచినీళ్లు పంచుతాం, ఫస్ట్ ఎయిడ్ చేస్తాం. మా గుంపులో ఏడుగురికి హామ్ (అమెచ్యూర్ రేడియో, అంటే అభిరుచి కొద్దీ రేడియో సెట్టులో మాట్లాడుకునే) లైసెన్సు ఉంది. కింద లోయలో గుండం దగ్గర ఉన్నవాళ్లు చేతి సెట్టులో ఎంత అరిచినా బండ్లు ఆగే చోట ఉన్నవాళ్లకు ఒక్క ముక్క వినపడదు, ఫోన్ సిగ్నల్ ఎలాగూ ఉండదు. పోయినేడు ఎండదెబ్బకు ఒక పెద్దాయన పడిపోతే స్ట్రెచర్ కోసం మనిషి పైకి పరుగెత్తాల్సి వచ్చింది. మా దగ్గర వాహనాల్లో పెట్టుకునే సెట్లు రెండున్నాయి, ఒకటి వీహెచ్ఎఫ్ (145 మెగాహెర్ట్జ్ దగ్గరిది), ఒకటి యూహెచ్ఎఫ్ (435 దగ్గరిది). రెండింటినీ కలిపి తాత్కాలికంగా రిపీటర్‌లా, అంటే ఒక వైపు విన్నది అప్పటికప్పుడే రెండో వైపు పంపేలా, వాడుకోవచ్చా?
— ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: వాడుకోవచ్చు తమ్ముడూ, మీ దగ్గరున్న ఆ రెండు సెట్లతోనే అయిపోతుంది, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. కానీ వైర్లు కలపడానికి ముందు ఒక పని చేయండి. ఆ దారి జాతర రోజుల్లోనే తెరుస్తారు కాబట్టి, అటవీ శాఖ వాళ్లను అడిగి జాతరకు ముందే ఒక రోజు లోపలికి వెళ్లే అనుమతి తీసుకోండి. లోయ అంచు మీద, కింద గుండం వైపు చూపు ఆనే చోట, ఒక మనిషిని చేతి సెట్టుతో నిలబెట్టండి. కిందివాళ్ల మాట అతనికి వినపడుతుందా, అతని మాట బండ్ల దగ్గరికి చేరుతుందా, రెండూ చూడండి. చేరితే సగం పని అయిపోయినట్టే. కింద విన్నది పైకి, పైన విన్నది కిందికి ఆ మనిషి నోటితో చెబుతాడు. రెండు సెట్లు కలిపి మనం చేయబోయేది కూడా అచ్చంగా అదే పని. మనిషి నిలబడినా పనిచేయని చోట సెట్లు పెట్టినా పనిచేయవు.

ఎందుకంటే ఈ బ్యాండ్ల తరంగాలు దాదాపు చూపు ఆనినంత మేరకే పోతాయి. సమతల నేల మీద లెక్క ఇలా ఉంటుంది: యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే ఎన్ని కిలోమీటర్లు పోతుందో వస్తుంది. రెండు మీటర్ల ఎత్తుకు ఆరు కిలోమీటర్లు కూడా రాదు, వంద మీటర్ల గుట్ట మీదికెక్కితే 41 కిలోమీటర్లు. మరి లోయ అడుగున నిలబడ్డవాడికి ఎటు చూసినా రాతి గోడే, నెత్తిన ఆకాశం ఒక పట్టీలాగా కనపడుతుంది, అతని మాట ఆ పట్టీలోంచే బయటపడాలి. అందుకే 5 వాట్ల సెట్టు బదులు 50 వాట్లది తెచ్చినా లాభం లేదు. వినేవాడు సరైన చోట ఉంటే 5 వాట్లు చాలు.

ఇంకో మాట. వాహనం సెట్టు అన్నారు కదా అని అది వాహనంలోనే ఉండాలని లేదు. బండి లోయ అంచు దాకా రాదు కాబట్టి రెండు సెట్లనూ ఒక చెక్క మీద బిగించి, కారు బ్యాటరీ ఒకటి, వెదురు బొంగులు రెండు ఇద్దరు కుర్రాళ్లు మోసుకెళ్తే సరిపోతుంది.

ఇక కలపడం సంగతి. యూహెచ్ఎఫ్ సెట్టుకు కింది నుంచి మాట అందగానే దాని స్క్వెల్చ్, అంటే సిగ్నల్ లేనప్పుడు గరగర వినపడకుండా మూసి ఉంచే తలుపు, తెరుచుకుంటుంది. ఆ సమాచారం ఒక తీగ మీద వీహెచ్ఎఫ్ సెట్టు పీటీటీకి (మాట్లాడేటప్పుడు నొక్కే బటన్‌కు) వెళ్లాలి, మాట ఇంకో తీగ మీద దాని మైక్‌కు వెళ్లాలి. అటు నుంచి ఇటు రావడానికి మళ్లీ అలాంటి జత ఒకటి. అంతే, నాలుగు తీగలు, రెండు గ్రౌండ్లు. సెట్టు వెనక డేటా సాకెట్ ఉంటే మీ అదృష్టం. గుండ్రంగా, ఆరు పిన్నులతో ఉంటుంది, ఆడియో లోపలికి, బయటికి, పీటీటీ, స్క్వెల్చ్ అన్నీ అక్కడే దొరుకుతాయి. చాలా సెట్లలో స్క్వెల్చ్ తెరుచుకుంటే ఆ పిన్ను మీద 5 వోల్టులు వస్తాయి, పీటీటీకేమో గ్రౌండ్ తగిలితేనే ట్రాన్స్‌మిట్ అవుతుంది, అంటే ఒకటి పైకి లేస్తే ఇంకోటి కిందికి రావాలి. మధ్యలో బీసీ547 ట్రాన్సిస్టర్ ఒకటి, 10 కిలో ఓమ్ రెసిస్టర్ ఒకటి పెడితే ఆ తిరగేసే పని అది చేస్తుంది. కోఠి గుజరాతీ గల్లీలో ఏ దుకాణంలోనైనా ఇవి చిల్లర డబ్బులకు దొరుకుతాయి. ఎందుకైనా మంచిది, పిన్నుల పని మాన్యువల్‌లో చూసుకుని, మీటర్‌తో ఒకసారి కొలిచి అప్పుడు సోల్డర్ చేయండి.

డేటా సాకెట్ లేకపోతే స్పీకర్ జాక్ నుంచి ఆడియో తీసుకోవాలి. ఇక్కడ చాలామంది సెట్లు కాల్చుకుంటారు, నేనూ ఒకటి పోగొట్టుకున్నాను. కొన్ని సెట్లలో స్పీకర్ తీగలు రెండింట్లో ఏదీ గ్రౌండ్ కాదు, రెండూ ఆంప్లిఫైయర్ నుంచే వస్తాయి. నేను అది చూసుకోకుండా ఒక తీగను గ్రౌండ్‌కు కలిపాను, రెండు నిమిషాల్లో కాలిన వాసన, ఆడియో ఐసీ పోయింది. అప్పటి నుంచి మధ్యలో 600 ఓమ్ ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఏ రెండు సెట్లనూ కలపలేదు. పాత డయలప్ మోడెమ్ విప్పితే లోపల అలాంటిది దొరుకుతుంది, చింతగింజ కంటే కాస్త పెద్దగా ఉంటుంది. స్పీకర్ నుంచి వచ్చేది వోల్టుల్లో ఉంటుంది, మైక్‌కు కావాల్సింది మిల్లీవోల్టులు. 10 కిలో ఓమ్, 100 ఓమ్ రెసిస్టర్లతో విభజిస్తే సుమారు వందో వంతుకు తగ్గుతుంది. మైక్ తీగ మీద డీసీ వోల్టేజి ఉంటుంది కాబట్టి ఒక మైక్రోఫారడ్ కెపాసిటర్ వరసలో పెట్టండి. తర్వాత వాల్యూమ్ మెల్లగా పెంచుతూ మూడో మనిషి దూరంగా చేతి సెట్టులో వింటూ చెప్పాలి. మాట చిట్లితే తగ్గించండి, సరిగ్గా వచ్చిన చోట నాబ్ మీద టేపు వేసేయండి. ఆ టేపు మాత్రం మరిచిపోవద్దు, స్పీకర్ నుంచి తీసుకున్నప్పుడు ఎవరి చెయ్యి తగిలి నాబ్ తిరిగినా లింకు మూగబోతుంది.

ఏ వైపు ఏ బ్యాండ్? నా ఓటు లోయ వైపు యూహెచ్ఎఫ్, అడవి వైపు వీహెచ్ఎఫ్. ఆకులు, కొమ్మలు యూహెచ్ఎఫ్‌ను ఎక్కువ మింగేస్తాయి కాబట్టి చెట్ల మధ్య దూరం పోవాల్సిన మాటకు వీహెచ్ఎఫ్ మంచిది. లోయలో దూరం తక్కువ, యూహెచ్ఎఫ్ రాళ్లకు తగిలి తగిలి సందుల్లోకి కూడా చొరబడుతుంది. అయినా అడవిలో నా మాట కంటే మీ పరీక్ష ముఖ్యం, అటూ ఇటూ మార్చి రెండు రకాలుగానూ చూడండి.

ఫ్రీక్వెన్సీలు ఎంచుకునేటప్పుడు ఒక గుణకారం చేయాలి. వీహెచ్ఎఫ్ సెట్టు ఏ ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడినా దానికి మూడింతల దగ్గర కూడా కొంచెం శక్తి లీక్ అవుతుంది. మన దేశంలో హామ్‌లకు ఉన్న బ్యాండ్లు 144 నుంచి 146, 434 నుంచి 438 మెగాహెర్ట్జ్. 145ను మూడుతో గుణిస్తే 435, అంటే సరిగ్గా పక్క సెట్టు చెవిలోనే పడుతుంది! అటు నుంచి లోయ మాట బలహీనంగా వస్తుంటే ఇటు నుంచి సొంత లింకే దాన్ని తొక్కేస్తుంది. ఉదాహరణకు వీహెచ్ఎఫ్ 145.200 అనుకుంటే మూడింతలు 435.600. యూహెచ్ఎఫ్‌ను 434.400 దగ్గర పెట్టుకుంటే 1.2 మెగాహెర్ట్జ్ దూరం దొరుకుతుంది. 435 నుంచి 438 దాకా ఉపగ్రహాల వాళ్లు వాడతారు కాబట్టి అటు పోకపోవడమే మర్యాద. ఏది పెట్టినా ముందు పావుగంట విని, ఎవరూ లేరని తేలాకే పీటీటీ నొక్కండి.

రెండు వైపులా సీటీసీఎస్ఎస్ టోన్ తప్పకుండా పెట్టండి. అది మాటతో పాటు పోయే, చెవికి వినపడనంత లోగొంతు గుర్తు, అది ఉన్న మాటకే స్క్వెల్చ్ తెరుచుకుంటుంది. టోన్ లేకుండా కలిపితే ఏ బండి ఇంజిన్ గరగరకో ఒక స్క్వెల్చ్ తెరుచుకుంటుంది, అది రెండో సెట్టును ట్రాన్స్‌మిట్‌లోకి నెడుతుంది, అది ఆగేటప్పుడు వచ్చే చప్పుడుకు ఇంకోటి తెరుచుకుంటుంది, ఇలా రెండూ ఒకదాన్నొకటి లేపుకుంటూ తెల్లవార్లూ కూర్చుంటాయి, పొద్దున్నకు బ్యాటరీ ఖాళీ. మీ గుంపు చేతి సెట్లన్నింటిలోనూ అదే టోన్ వేసి, సెట్ల మీద స్టిక్కర్ రాసి అంటించండి.

యాంటెన్నాల గురించి రెండు ముక్కలు. 145కి పావు తరంగం కడ్డీ పొడవు సుమారు అర మీటరు, 435కి 17 సెంటీమీటర్లు. బండి పైకప్పు ఇనుప రేకు కాబట్టి దాని మీద కడ్డీ పెడితే చాలు, వెదురు బొంగు మీద ఆ రేకు ఉండదు, అందుకని అడుగున నాలుగు కడ్డీలు కిందికి వంచి కట్టాలి. రెండు యాంటెన్నాలను పక్కపక్కన కాకుండా ఒకే నిలువు గీతలో ఒకదాని మీద ఒకటి, వీలైనంత ఎడంగా పెట్టండి. నిలువు కడ్డీ నెత్తి మీదికి, పాదాల కిందికి తక్కువ పంపుతుంది కాబట్టి ఒకదాని శక్తి ఇంకోదానిలో తక్కువ దూరుతుంది. సన్నటి ఆర్‌జీ58 కేబుల్ పది మీటర్లు వాడితే యూహెచ్ఎఫ్‌లో సగం శక్తి కేబుల్‌లోనే పోతుంది, పొట్టిగా ఉంచండి. ఇంకా నల్లమల కోతుల సంగతి మీకు చెప్పక్కర్లేదు, వేలాడే తీగ కనపడితే లాగకుండా ఉండవు, ప్రతి తీగనూ బొంగుకు గట్టిగా కట్టేయండి.

పవర్ 10 వాట్ల మీద పెట్టండి, 50 మీద వద్దు. మామూలుగా మాట్లాడే సెట్టుకు మధ్యమధ్య విశ్రాంతి దొరుకుతుంది, లింకుకు దొరకదు. పైగా చైత్రం ఎండ. సెట్ల వీపు మీద కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి, పైన నీడకు తడక ఒకటి ఉండాలి. బ్యాటరీ లెక్క: వింటున్నప్పుడు రెండూ కలిపి సుమారు 1 ఆంపియర్, ఒకటి ట్రాన్స్‌మిట్ చేస్తే అదనంగా 3, 4 ఆంపియర్లు. మూడో వంతు సమయం మాటలే నడుస్తాయనుకుంటే సగటున రెండున్నర దాకా, 12 గంటలకు 30 ఆంపియర్ అవర్లు. 40 ఆంపియర్ అవర్ల కారు బ్యాటరీలో ధైర్యంగా వాడుకోగలిగేది సగమే. కాబట్టి రెండు బ్యాటరీలు, మధ్యాహ్నం మార్చుకోవాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. కొన్నేళ్ల కింద నల్లగొండ దగ్గర ఒక గుట్ట జాతరలో నేను ఇలాగే రెండు సెట్లు కలిపి, జీపులో పెట్టి, తాళం వేసి కిందికి అన్నానికి వెళ్లాను. ఒక కుర్రాడి చేతి సెట్టు సంచిలో పడి, దాని మీద నీళ్ల బాటిల్ ఒరిగి పీటీటీ నొక్కుకుపోయింది. లింకు ఆ సంచి చప్పుడునే గుట్టంతా వినిపిస్తూ కూర్చుంది. దాదాపు నలభై నిమిషాలు ఎవరూ మాట్లాడలేకపోయారు, సరిగ్గా అప్పుడే నాలుగేళ్ల పాప తప్పిపోయింది. మెట్ల మీద ఒకరి వెనక ఒకరు పరుగెత్తి కబురు మోశారు. పాప దొరికింది, గాజుల దుకాణం వెనక నిద్రపోయింది. కానీ ఆ నలభై నిమిషాలు వాళ్లమ్మ ముఖం నేను చూశాను. ఇలాంటి లింకు ఒక వైపు మాట మోస్తున్నప్పుడు రెండో వైపు వినదు, దూరం నుంచి ఆపమని చెప్పడానికి దారి ఉండదు. సెట్టులో టైమ్ అవుట్ టైమర్ (ఎక్కువసేపు ట్రాన్స్‌మిట్ అయితే దానంతటదే ఆపేసేది) ఉంటుంది, దాన్ని రెండు మూడు నిమిషాలకు పెట్టండి, అది కొంత కాపాడుతుంది. అసలు కాపాడేది మాత్రం పక్కన కూర్చున్న లైసెన్సు ఉన్న మనిషి, అతని చేతికి అందే ఆఫ్ స్విచ్. నేను మొదట అంచు మీద నిలబెట్టమన్న మనిషి ఉన్నాడే, సెట్లు కలిపాక అతన్ని కిందికి పంపేయకండి, అక్కడే నీడలో కూర్చోబెట్టండి, రెండు గంటలకొకసారి మనిషిని మార్చండి. సెట్లు మొరాయిస్తే అతను లింకు ఆపేసి నోటితో మోస్తాడు, మీ పని ఆగదు.

మాట్లాడే పద్ధతి కూడా కాస్త మారాలి. పీటీటీ నొక్కగానే మాట్లాడితే మొదటి మాట మింగేస్తుంది, ఎందుకంటే స్క్వెల్చ్ తెరుచుకోవాలి, టోన్ గుర్తుపట్టాలి, రెండో సెట్టు లేవాలి. నొక్కి, మనసులో ఒకటి రెండు అనుకుని, అప్పుడు మొదలుపెట్టాలి. "స్ట్రెచర్ వద్దు" అన్నది "వద్దు" అని మాత్రమే వినపడితే పైవాళ్లు ఏమనుకోవాలి? అవసరమైన మాటను వాక్యం మధ్యలో పెట్టి రెండుసార్లు చెప్పడం నేర్పండి. జాతరలో "వస్తున్నాం లింగమయ్యా" అని వేలమంది కేకలు వేస్తుంటారు, ఆ హోరులో మైక్‌ను నోటికి దగ్గరగా పెట్టుకుని మామూలు గొంతుతో మాట్లాడాలి, అరిస్తే చిట్లుతుంది.

అనుమతుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. అది పులుల అడవి, సెట్లు ఎక్కడ పెడతారో, ఎంతమంది కూర్చుంటారో అటవీ శాఖకు రాసివ్వండి. పోలీసులకు, జిల్లా యంత్రాంగానికి కూడా ఉత్తరం ఇచ్చి, జాతరలో ఈ లింకు నడపడానికి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, లైసెన్సుల నకళ్లు జతచేయండి. లైసెన్సు లేని కుర్రాళ్ల చేతికి హామ్ సెట్టు ఇచ్చి మాట్లాడమనకండి, ప్రతి చోటా మీ ఏడుగురిలో ఒకరుండేలా పంచుకోండి. చందాల లెక్కలు, దుకాణాల బేరాలు ఆ ఫ్రీక్వెన్సీ మీద అస్సలు వద్దు.

ప్రశ్న: మాకు దేవరకొండ దగ్గర బత్తాయి తోట ఉంది. మోటారు దగ్గరికి, ఇంటికి మధ్య లైసెన్సు లేని వాకీటాకీలు వాడుకోవచ్చా? వాటికి కూడా రిపీటర్ పెట్టుకోవచ్చా?

జవాబు: 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ పవర్ చేతి సెట్లకు లైసెన్సు మినహాయింపు ఉంది, తోటకు అవి సరిపోతాయి. రిపీటర్ మాత్రం కుదరదు. ఆ మినహాయింపు తక్కువ పవర్ మీద నేరుగా మాట్లాడుకోవడానికే. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే, ఏ ఫ్రీక్వెన్సీ అయినా నొక్కి పెట్టుకునే సెట్లు దీని కిందికి రావు, వాటికి లైసెన్సు కావాలి. కొనేముందు పెట్టె మీద ఫ్రీక్వెన్సీ, ప్రభుత్వ ఆమోదం చూడండి. మాట అందకపోతే నీళ్ల ట్యాంకు మీదికెక్కి మాట్లాడండి, తేడా మీకే తెలుస్తుంది.

ప్రశ్న: దోమలపెంట సొరంగం ప్రమాదం అప్పుడు లోపలికి ఇలాంటి రేడియో లింకు వేసి ఉండొచ్చు కదా? — కల్వకుర్తి

జవాబు: ఆ ప్రశ్న నన్నూ చాలా రోజులు వదల్లేదు. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాల్వ సొరంగం కూలినప్పుడు ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు, అది జరిగింది సొరంగం ద్వారం నుంచి పదమూడు పద్నాలుగు కిలోమీటర్ల లోపల. తిన్నగా ఉన్న సొరంగంలో యూహెచ్ఎఫ్ కొంత దూరం పోతుంది, వీహెచ్ఎఫ్ అంతకూడా పోదు. కానీ అంత దూరం, మధ్యలో బోరింగ్ యంత్రం ఇనుము, బురద, నీళ్లు, వీటిని దాటుకుని చేతి సెట్టు మాట రాదు. గనుల్లో దీనికోసం లీకీ ఫీడర్ వాడతారు, అంటే పై తొడుగుకు సందులు పెట్టిన కోయాక్స్ కేబుల్, పొడవునా కొంచెం కొంచెం సిగ్నల్ బయటికి వదులుతుంది, లోపలికి తీసుకుంటుంది. అది పని మొదలైన రోజు నుంచి గోడ వెంట వేసుకుంటూ పోవాల్సింది. కూలిన చోట అదీ తెగుతుంది, కానీ తెగిన చోటు దాకా అయినా మాట నడుస్తుంది.

ప్రశ్న: నేను మహబూబ్‌నగర్‌లో ఇంటర్ చదువుతున్నాను. హామ్ పరీక్ష రాయాలని ఉంది, కానీ ఎలక్ట్రానిక్స్ అంటే టెన్షన్. అమ్మాయిలు ఎవరైనా ఉన్నారా ఇందులో?

జవాబు: ఉన్నారమ్మా, ఘనంగా ఉన్నారు. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అని 1983 నుంచి ఉంది. ఆ సంస్థ తరఫున అండమాన్ వెళ్లిన భారతి ప్రసాద్ గారు 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉన్నారు, ఫోన్లు పోయిన ఆ దీవుల కబుర్లు హామ్ సెట్టు మీద బయటికి చేరవేశారు. పన్నెండేళ్లు నిండితే ఎవరైనా పరీక్ష రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ పరీక్ష లేదు, రేడియో సిద్ధాంతం, నిబంధనలు ఈ రెండే. ఇంటర్ ఫిజిక్స్‌లో కరెంటు, తరంగాల పాఠాలు నీకు ఎలాగూ ఉన్నాయి, అందులోంచే సగం వస్తుంది. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే. ఈలోగా మీ ఊళ్లో లైసెన్సు ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల ఇంట్లో కూర్చుని 145.800 మెగాహెర్ట్జ్ విను. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములు బడి పిల్లలతో మాట్లాడేటప్పుడు వాళ్ల గొంతు ఆ ఫ్రీక్వెన్సీ మీదే కిందికి వస్తుంది. మన తల మీదుగా దాటిపోవడానికి పది నిమిషాలే పడుతుంది, టైం ముందే చూసుకుని వెళ్లు.